జమీందారు సొమ్ముతో తీసిన రైతుబిడ్డ

2025 నవంబరు 11న హైదరాబాదులో జూబ్లీహిల్స్ అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. పేరుకు జూబ్లీహిల్స్ గానీ ఓట్లున్నదంతా బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసఫ్‌గూడ, షేక్‌పేట బస్తీల్లో. సినిమావాళ్ల పెద్ద బంగళాలుండే రోడ్లు చాలావరకు పక్కనున్న ఖైరతాబాదు నియోజకవర్గంలోకి పోతాయి. ఆ ఎన్నికలో నూటికి యాభై మంది కూడా ఓటు వెయ్యలేదు. పత్రికలన్నీ పట్నం జనానికి బద్ధకమని రాసి ఊరుకున్నాయి. మాకు తెలిసిన సంగతి వేరు. ఆ బస్తీల్లో కాపురముండే వాళ్లలో సగం మంది మన పల్లెల నుంచి పోయినవాళ్లే. సిమెంటు కలిపేవాళ్లు, సెంట్రింగు కొట్టేవాళ్లు, బంగళాల్లో అంట్లు తోమేవాళ్లు. కొందరికి ఓటు ఊళ్లో ఉంది, కూలి పట్నంలో ఉంది. కొందరికి పట్నంలో ఓటుంది గానీ ఆ పూట అడ్డా మీద నిలబడకపోతే సాయంత్రం పొయ్యి వెలగదు.

ఆ వార్తలు చదువుతున్నప్పుడు మాకు గూడవల్లి రామబ్రహ్మం గారు గుర్తొచ్చారు. రైతుల పేజీలో సినిమావాళ్ల గొడవ ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ఒక సన్నకారు రైతు వేసిన ఓటు చుట్టూ తెలుగులో మొట్టమొదట కథ అల్లిన మనిషి ఆయన. అది 1939 నాటి మాట. ఆయన సంస్థకు పెట్టిన పేరు ఈనాటికీ హైదరాబాదులో ఒక స్టూడియో గేటు మీద ఉంది. ఆయన దగ్గర వేషం కట్టిన ఒక రైతు కొడుకు తర్వాత ఆ గుట్టల మీదే స్టూడియో కట్టాడు. కానీ ఫిల్మ్‌నగర్‌లో షూటింగుకు పోయే కుర్రవాణ్ణి నిలబెట్టి గూడవల్లి ఎవరని అడిగితే చెప్పగలడని మేమనుకోము. అందుకే ఈ నాలుగు మాటలు.

రామబ్రహ్మం 1902 జూలై 28న కృష్ణా జిల్లా నందమూరులో రైతు కుటుంబంలో పుట్టారు. అప్పటికి కృష్ణా ఆనకట్ట కట్టి యాభై ఏళ్లు కావస్తోంది. మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. వరి పండింది, ధాన్యం అమ్ముడుపోయింది, రైతు చేతిలో నాలుగు రూకలు ఆడాయి. ఆ రూకలతోనే రైతుబిడ్డలు బళ్లకు పోయారు, హాస్టళ్లు కట్టుకున్నారు, పత్రికలు పెట్టారు. డెల్టా నీళ్లు అందరి పొలాల్లోనూ పారాయి గానీ పొలమే లేనివాడికి ఏం పారతాయి? పాలేరు పాలేరుగానే ఉన్నాడు. ఊడ్పులప్పుడు పిలుపు, కోతలప్పుడు పిలుపు, మధ్యలో ఆకలి. ఈ తేడాను పాఠకులు మనసులో పెట్టుకోవాలి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఆ రోజుల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్న రైతుబిడ్డల్ని రెండు గాలులు లాగాయి. ఒకటి గాంధీ గారి సహాయ నిరాకరణ. రెండోది బ్రాహ్మణేతర ఉద్యమం. గుడిలో, బడిలో, కచేరీలో ఒకే కులం పెత్తనం ఏమిటని త్రిపురనేని రామస్వామి చౌదరి గారి వంటివాళ్లు అడుగుతున్న కాలం అది. రామబ్రహ్మం ఆ వాతావరణంలో పెరిగి మద్రాసు చేరి ప్రజామిత్ర పత్రికకు సంపాదకుడయ్యారు. పత్రిక నడిపినవాడికి అచ్చు అక్షరం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది. నూటికి పదిమంది కూడా చదవలేని దేశంలో పత్రిక మాలపల్లెకు చేరదు. బొమ్మ చేరుతుంది. ఆయన సినిమాలోకి దిగడానికి మాకు కనబడే కారణం ఇదే.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాన్ని దాటిపోకూడదు. బ్రాహ్మణేతర ఉద్యమానికి రాజకీయ రూపం జస్టిస్ పార్టీ. ఆ పార్టీలో కులపెత్తనం మీద కోపమున్న మధ్యతరగతి వాళ్లు ఉన్నారు, వేల ఎకరాల జమీందార్లూ ఉన్నారు. పగ్గాలు మాత్రం జమీందార్ల చేతిలోనే ఉండేవి. బొబ్బిలి రాజా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా కూర్చున్నది ఆ పార్టీ తరఫునే. గుడి తలుపు దగ్గర రైతుబిడ్డా జమీందారూ ఒక పక్క నిలబడగలరు గానీ, కళ్లం దగ్గర నిలబడలేరు. రామబ్రహ్మం తీసిన మొదటి రెండు సినిమాల్లో ఒకటి గుడి తలుపు గురించి, రెండోది కళ్లం గురించి.

తెలుగు మాటల సినిమా 1932లో 'భక్త ప్రహ్లాద'తో మొదలైంది. అక్కడి నుంచి ఐదారేళ్లు దాదాపు అన్నీ పురాణాలే. నాటకాల కంపెనీలు ఆడేవే కెమెరా ముందు ఆడేవాళ్లు. కిరీటాలు, గదలు, పద్యాలు. అలాంటి రోజుల్లో రామబ్రహ్మం సారథి ఫిలిమ్స్ పేరుతో 1938లో 'మాలపిల్ల' విడుదల చేశారు. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. కాంచనమాల మాలపిల్లగా వేసింది, డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు గుడి పెత్తందారు శాస్త్రిగా వేశారు. ఊళ్లో మాలమాదిగలకు గుడి లేదు, చెరువు నీళ్లు లేవు. పెత్తందారు కొడుకు మాలపిల్లను ప్రేమిస్తాడు. చాలామందికి ఈ ప్రేమ కథే గుర్తు. మాకు గుర్తుండేది వేరే ముక్క. చెరువు కట్టడి చేసినప్పుడు పల్లెవాళ్లు పని మానేస్తారు. పనిచేసే చెయ్యి ఆగితే ఊరు ఎంత వరకు నడుస్తుందో తెర మీద చూపించారు.

1938లో ఇది చిన్న సంగతి కాదు. తిరువాన్కూరులో గుళ్లు తెరిచి అప్పటికి రెండేళ్లు కాలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది ఆ మర్నాటి ఏడు, 1939లో. అంటే చట్టం కంటే ముందు సినిమా వచ్చింది. 'మాలపిల్ల' ఊరూరా ఆడింది, డబ్బులు తెచ్చింది, తిట్లూ తెచ్చింది. అయితే సినిమాలో పెత్తందారు మనసు మారేది పల్లెవాళ్లు పని మానడం వల్ల కాదు. తన ఇంటి మనిషిని మాలవాడొకడు మంటల్లోంచి కాపాడడం వల్ల. హక్కు అడిగినవాడికి హక్కు రాలేదు, మేలు చేసినందుకు ప్రతిఫలంగా వచ్చింది. ఇది రామబ్రహ్మం ఒక్కరి లోపమని మేమనము. ఆ కాలపు హరిజనోద్ధరణ అంతా ఆ తీరుగానే నడిచింది. కానీ సమ్మె కట్టించిన చేతితోనే ఆ సమ్మెను పక్కన పెట్టేశారే అని మాకు చింత.

ఆ వెంటనే వచ్చింది 'రైతుబిడ్డ', 1939లో. ఇది ఎలాంటి రోజుల్లో వచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి. 1928లో ఎన్.జి. రంగా గారు మొదలైనవాళ్లు ఆంధ్ర రైతు సంఘం పెట్టారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు పాఠశాల నడిచింది. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ మట్టి కరిచింది. బొబ్బిలి రాజా తన సొంత బొబ్బిలిలో వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయాడు. కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది, రాజాజీ ముఖ్యమంత్రి, ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. ప్రకాశం గారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం కూర్చుంది. ఆ సంఘం రైతు పక్షాన నివేదిక రాస్తే మంత్రివర్గమే నాన్చింది. ఈ లోపల 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర కాలినడకన సాగింది. మునగాల పరగణాలో, చల్లపల్లి జమీందారీలో రైతులు లేచారు. మరోవైపు నెల్లూరు జిల్లా అలగానిపాడులో సుందరయ్య గారు తన ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టే పని అంతకు ముందే మొదలుపెట్టారు.

ఇంత వేడి మీద 'రైతుబిడ్డ' తయారైంది. త్రిపురనేని గోపీచంద్ గారు కథలో, మాటల్లో చెయ్యి పెట్టారు. కొసరాజు రాఘవయ్య చౌదరి గారికి సినిమా పాటలు రాయడం ఇదే మొదలు. బళ్లారి రాఘవ గారు నర్సిరెడ్డి అనే సన్నకారు రైతు వేషం వేశారు. రాఘవ గారంటే ప్లీడరు, రంగస్థలం మీద చక్రవర్తి. అలాంటాయన పంచె ఎగగట్టి అప్పులపాలైన రైతుగా నిలబడడం ఆనాటి ప్రేక్షకులకు కొత్త. టంగుటూరి సూర్యకుమారి కూడా ఇందులో ఉంది.

కథ ఇంత. నర్సిరెడ్డి షావుకారు దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. ఎన్నికలొచ్చాయి. షావుకారు జమీందారు పక్షం. అప్పున్నవాడు అప్పిచ్చినవాడు చెప్పిన పెట్టెలో ఓటు వెయ్యాలి, అది ఊరి ధర్మం. నర్సిరెడ్డి ఆ ధర్మం తప్పాడు, రైతుల మనిషి పక్షాన నిలబడ్డాడు. ఆ తర్వాత జమీందారు బలగం, షావుకారు బలగం కలిసి అతని కుటుంబాన్ని పెట్టని బాధ లేదు. అప్పు, శిస్తు, జప్తు, దౌర్జన్యం అన్నీ ఒకే గుంజకు కట్టిన తాళ్లని సినిమా చూపించింది.

మాది సంఘం పని. ఓటు వేసిన మర్నాడు పనికి పిలుపు రాని ఇళ్లు మేము ఎన్నో చూశాం. ఒక ఊళ్లో పంచాయితీ ఎన్నికలయ్యాక నలభై గడపలకు నాట్ల పని ఆగింది. పక్కూరి కూలీలను ట్రాక్టరు మీద తెచ్చుకున్నారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, కేసు పెట్టడానికి ఏమీ లేదు. పిలవలేదు, అంతే. అప్పు పత్రం తిరగరాయమన్నారు, గట్టు మీద గడ్డి కోసుకోవద్దన్నారు. పదిహేను రోజులకు ఆ నలభై గడపల్లో పదహారు గడపలు పెత్తందారు వాకిట్లోకి పోయి నిలబడ్డాయి. వాళ్లను తప్పు పట్టే ధైర్యం మాకు లేకపోయింది. అందువల్ల నర్సిరెడ్డి బాధ మాకు పాత సినిమా కథలా అనిపించదు.

అయితే నర్సిరెడ్డికి ఓటుంది. ఈ ముక్కను సినిమా పండితులు పట్టించుకోరు, మేము పట్టించుకోక తప్పదు. 1937 ఎన్నికల్లో ఓటు అందరిదీ కాదు. పన్ను కట్టేవాడికి, ఆస్తి ఉన్నవాడికి, చదువున్నవాడికి మాత్రమే. నర్సిరెడ్డి పొలంలో నాగలి పట్టిన పాలేరుకు, నాట్లు వేసిన ఆడకూలీకి ఓటు లేదు. కాబట్టి ఆ కథలో వాళ్లకు చోటూ లేదు. జమీందారు మీద రైతు గెలిస్తే కూలి పెరుగుతుందా, నాగు వడ్డీ తగ్గుతుందా, పాలేరు జీతం ఏడాదికి ఇన్ని బస్తాలని ఎవరు తేలుస్తారు అనే ప్రశ్నలు ఆ తెర మీదికి రాలేదు. 'మాలపిల్ల'లో పల్లె ఉంది, పొలం హక్కు లేదు. 'రైతుబిడ్డ'లో పొలం ఉంది, పల్లె లేదు. రెండూ ఒకే మనిషి ఏడాది తిరక్కుండా తీశారు. రెంటినీ ఒక కథలో కలపడం ఆయన వల్ల కాలేదు. నిజం చెప్పాలంటే ఆనాటి రైతు సంఘాలకూ అంత తేలిగ్గా కాలేదు. రైతును, కూలీని ఒక జెండా కింద నడపడంలో ఉన్న ఇబ్బంది మాకు ఈనాటికీ తెలుసు.

జమీందార్లకు మాత్రం సినిమా సూటిగానే తగిలింది. వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు దాని మీద మండిపడ్డారు. కొన్ని చోట్ల ఆడకుండా ఆపించారు. 'మాలపిల్ల' తెచ్చినంత డబ్బు 'రైతుబిడ్డ' తేలేదు. ఆ ఏడు సెప్టెంబరులో యుద్ధం వచ్చిపడింది, కాంగ్రెసు మంత్రివర్గాలు దిగిపోయాయి, జమీందారీ నివేదిక అటకెక్కింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జమీందార్లకు కోపం తెచ్చిన ఈ సినిమాకు పెట్టుబడి ఎవరిది? చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారిది. సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది ఆయన డబ్బే. రామబ్రహ్మం, రాజా ఇద్దరిదీ ఒకే కులం, ఒకే జిల్లా. మేము ముందు చెప్పిన చిక్కుముడి ఇదే. చల్లపల్లి జమీందారీలో సొంత రైతులు భూమి కోసం లేచి నిలబడ్డ రోజుల్లోనే, అదే జమీందారు సొమ్ముతో మద్రాసులో జమీందారీ దౌర్జన్యాల మీద సినిమా తయారవుతోంది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? కొందరు రాజాగారి ఉదారత అంటారు. మాకు అంత భక్తి లేదు. బొబ్బిలి, వెంకటగిరి వంటి పాత సంస్థానాల మీద రాళ్లు పడితే చల్లపల్లి గోడ కదలదని అనుకుని ఉండవచ్చు. లేదా 'మాలపిల్ల' తెచ్చిన డబ్బు చూసి రెండోదానికీ సరే అని ఉండవచ్చు. ఆయన మనసులోకి మేము తొంగి చూడలేం. కానీ కథ ఎలా ముగిసిందో చూడండి. చివరికి జమీందారు మనసు మారుతుంది, తప్పు తెలుసుకుంటాడు, రైతుల్ని ఆదరిస్తాడు. భూమి ఎవరి పేరున రాశారన్న ప్రశ్న రాకుండానే బొమ్మ అయిపోతుంది. డబ్బు పెట్టినవాడికి అంతకంటే కావలసిందేముంది?

తెర మీద జమీందారు మనసు మారిన మరుసటి ఏడు, 1940 ఏప్రిల్ 1న, శ్రీకాకుళం ప్రాంతపు మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసులు రైతుల మీద కాల్పులు జరిపారు. అడవిలో కలప కొట్టుకున్నారని వాళ్ల మీద కేసు. ముందు నిలబడ్డ గున్నమ్మ నేలకొరిగింది. ఆమెతో పాటు మరికొందరు చనిపోయారు. వీరగున్నమ్మ అని ఆ ప్రాంతం ఈనాటికీ తలుచుకుంటుంది. జమీందారీ రద్దు చట్టం ఎవరి మనసూ మారినందువల్ల రాలేదు. ఇలాంటి పోరాటాల తర్వాత 1948లో వచ్చింది. అది వచ్చాక కూడా సొంత కమతాల పేరుతో, బినామీల పేరుతో వేల ఎకరాలు చేతులు మారకుండా నిలబడ్డాయి. చల్లపల్లి భూముల కోసం దివి తాలూకా వ్యవసాయ కార్మికులు దశాబ్దాల తరబడి పోరాడాల్సి వచ్చింది. గుంటూరు బాపనయ్య గారి వంటి దళిత నాయకులు ఆ పోరాటంలోంచి లేచినవాళ్లే. చల్లపల్లి రాజా మాత్రం తర్వాత కాంగ్రెసు తరఫున శాసనసభలో కూర్చున్నారు.

ఇంతా చెప్పి రామబ్రహ్మాన్ని తీసి పారెయ్యడం మా ఉద్దేశం కాదు. ఆయన స్థానంలో ఎవరున్నా రెండే దారులు. జమీందారు డబ్బు ముట్టుకోకుండా ప్రజామిత్రలో వ్యాసాలు రాసుకుంటూ కూర్చోవడం ఒకటి. ఆ డబ్బుతోనే ఎంత చెప్పగలిగితే అంత చెప్పడం రెండోది. ఆయన రెండోదాన్ని ఎంచుకున్నారు. ఎంత చెప్పగలరో అంతా చెప్పారు, చెప్పలేని చోట జమీందారు మనసు మార్చేశారు. నాటకాల కిరీటాల మధ్య నుంచి నాగలిని, అప్పు పత్రాన్ని, ఓటు పెట్టెను తెర మీదికి తెచ్చిన పని చిన్నదేం కాదు. మా తరానికి ముందు రైతు సంఘాల్లో పనిచేసినవాళ్లు ఆయన పేరును గౌరవంగా తలుచుకునేవాళ్లు.

ఆ తర్వాత ఆయన తీసిన సినిమాల గురించి ఎక్కువ చెప్పం. 1940లో 'ఇల్లాలు', 1941లో 'అపవాదు', 1942లో 'పత్ని', 1943లో 'పంతులమ్మ'. స్త్రీల బాధలు ఇతివృత్తాలు. పొలం మళ్లీ కనబడలేదు. యుద్ధం వల్ల ముడి ఫిలిం దొరకక పదకొండు వేల అడుగులకు మించకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టిన రోజులవి. 1945లో 'మాయాలోకం' అనే జానపదం తీశారు. సంఘాన్ని సంస్కరిద్దామని వచ్చిన మనిషి మాయలూ మంత్రాలూ తియ్యాల్సి వచ్చింది. బొమ్మ ఆడితేనే మర్నాడు బతుకు. ఆ చిత్రంలో గుడివాడ దగ్గర రామాపురం రైతు కుటుంబంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు అనే కుర్రవాడు వేషం వేశాడు.

ఆఖరున రామబ్రహ్మం 'పల్నాటి యుద్ధం' మొదలుపెట్టారు. మాల కన్నమదాసును సేనానిగా నిలబెట్టి, అన్ని కులాల వాళ్లతో ఒకే చాపకూడు తినిపించిన బ్రహ్మనాయుడి కథ అది. 'మాలపిల్ల' తీసిన మనిషి చివరకు అటే తిరిగారని మాకు తోస్తుంది. కానీ సినిమా సగంలో ఉండగా 1946 అక్టోబరు 1న ఆయన చనిపోయారు. వయసు నలభై నాలుగు. మిగతాది ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేశారు, 1947లో విడుదలైంది. నాగేశ్వరరావు అందులో బాలచంద్రుడు.

ఇక్కడి నుంచి కథ మద్రాసు వదిలి హైదరాబాదు గుట్టలకు వస్తుంది. రాష్ట్రం ఏర్పడ్డాక తెలుగు సినిమాను హైదరాబాదుకు తేవాలని ప్రభుత్వాలు రాయితీలిచ్చాయి, స్థలాలిచ్చాయి. మొదట కట్టింది అమీర్‌పేటలో సారథి స్టూడియో, చల్లపల్లి వారిదే. 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' అక్కడే తయారైంది. రామబ్రహ్మం రైతు సినిమా తీసిన సంస్థ పేరు అలా హైదరాబాదు చేరింది. భూసంస్కరణల చట్టం 1973లో వచ్చింది. గరిష్ఠ పరిమితికి మించిన మిగులు భూమి ఎక్కడుందో తేల్చలేక తహసిల్దార్లు కాగితాలు తిరగేస్తున్న కాలంలోనే, 1976 జనవరిలో నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో తెరుచుకుంది. ప్రభుత్వం ఇచ్చిన 22 ఎకరాల రాతినేల మీద కట్టారు. ఎల్.వి. ప్రసాద్ గారి పేరున బంజారాహిల్స్‌లో ల్యాబొరేటరీ వచ్చింది, 1987లో కంటి ఆసుపత్రి వచ్చింది. షేక్‌పేట గుట్టల మీద సినిమావారి సహకార గృహనిర్మాణ సంఘానికి స్థలమిచ్చారు, అదే ఫిల్మ్‌నగర్. ఆనాడు ఆ రాళ్లలో మేకలు కూడా మేసేవి కాదని అంటారు. నిజమే కావచ్చు. ఆ రాళ్లు పగలగొట్టి, పునాదులు తీసి, రోడ్లు వేసింది ఎవరు? పాలమూరు కూలీలు. గంప, గడ్డపార, చంకలో పిల్లతో వచ్చినవాళ్లు. వాళ్లు గుట్ట వాలు మీద వేసుకున్న గుడిసెలే ఫిల్మ్‌నగర్ బస్తీలయ్యాయి. బంగళాకు పట్టా ముందు వచ్చి గోడ తర్వాత లేచింది. గుడిసె ముందు లేచింది, పట్టా కోసం మాత్రం ప్రతి ఎన్నికలోనూ నాయకుల కాళ్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

సినిమా పనివాళ్లదీ ఇదే వరస. లైట్లు మోసేవాళ్లు, సెట్లు కొట్టేవాళ్లు, వంటలు వండేవాళ్లు, గుంపులో నిలబడేవాళ్లు ఎక్కువమంది కృష్ణానగర్ ఇరుకు గదుల్లో ఉంటారు. వీళ్లకు ఇళ్లు కావాలని తుంగతుర్తి నుంచి వచ్చిన నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి గారు పట్టుబట్టారు. మణికొండలోని చిత్రపురి కాలనీ ఆయన పేరున ఉంది. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ వాళ్లు వేతనాలు నూటికి ముప్ఫై పెంచమని సమ్మె కట్టారు. పద్దెనిమిది రోజులు షూటింగులు ఆగాయి. కార్మిక శాఖ మధ్యలో కూర్చుని మూడేళ్లలో విడతలవారీగా ఇరవై రెండున్నర శాతానికి తెగ్గొట్టింది. పేపర్లలో ఏ పెద్ద హీరో సినిమా ఎన్ని రోజులు వాయిదా పడిందో రాశారు. పద్దెనిమిది రోజులు కృష్ణానగర్‌లో బియ్యం అప్పు ఎవరిచ్చారో రాయలేదు.

ఆ సమ్మె అయిన మూడు నెలలకే ఉప ఎన్నిక వచ్చింది. మా ఊరి నుంచి పోయిన ఆడకూలీ ఒకామె బోరబండలో కాపురముంటోంది. ఓటేశావా అమ్మా అని ఫోనులో అడిగాం. వేశానంది. పొద్దున్నే లైనులో నిలబడి వేసి అడ్డాకు పోయేసరికి మేస్త్రీ వేరేవాళ్లను ఎక్కించుకుని పోయాడట. ఆ రోజు కూలి పోయింది. మర్నాడు మాత్రం మామూలుగానే పిలిచాడని, అంతవరకు నయమేనని చెప్పింది.